ప్లాటినం పెట్టిన వంపు

క్యాన్సర్ వార్డుల్లో సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కించే మందుల్లో సిస్‌ప్లాటిన్ తీరే వేరు. మనం వాడే మందుల్లో చాలావాటికి కర్బనమే ఆధారం. ఇందులో కర్బన పరమాణువు ఒక్కటి కూడా లేదు. నడుమ ఒక ప్లాటినం, దాని చుట్టూ రెండు క్లోరిన్లు, రెండు అమ్మోనియాలు, అంతే. లెక్కపెడితే మొత్తం పదకొండు పరమాణువులు. ఇది డీఎన్ఏకు అంటుకుని దాన్ని పాడుచేస్తుందనీ, అందువల్ల క్యాన్సర్ కణం చచ్చిపోతుందనీ సాధారణంగా చెబుతారు. ఆ మాటలో అబద్ధం లేదు గానీ అసలు సంగతి అందులో దొరకదు. డీఎన్ఏకు అంటుకునే పదార్థాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో మందులుగా నిలిచినవి కొన్నే. సిస్‌ప్లాటిన్‌లో ఉన్న పదకొండు పరమాణువులతోనే తయారైన ట్రాన్స్‌ప్లాటిన్ కూడా డీఎన్ఏకు గట్టిగానే అంటుకుంటుంది, అయినా అది వైద్యానికి అక్కరకు రాలేదు. కాబట్టి అంటుకోవడం ఒక్కటే చాలదు. ఎక్కడ అంటుకుంది, అంటుకున్నాక డీఎన్ఏ ఏ ఆకారంలోకి మారింది, ఆ ఆకారాన్ని కణంలోని ప్రొటీన్లు ఏమని అర్థం చేసుకున్నాయి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు చెబితే తప్ప ఈ మందు ఎలా పనిచేస్తుందో చెప్పినట్టు కాదు. ఈ మందు బలమంతా అది డీఎన్ఏలో పెట్టే ఒక వంపులో ఉందనీ, ప్లాటినం కన్నా ఆ వంపే కణం తలరాతను తేలుస్తుందనీ నా వాదన.

క్యాన్సర్ మందులన్నీ ఒకే దారిన నడవవు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్, డీఎన్ఏ తయారీకి కావలసిన ముడిసరుకు కణానికి అందకుండా చేస్తుంది. ప్లాటినం మందులు ముడిసరుకు జోలికి వెళ్లవు. అప్పటికే తయారై, కేంద్రకంలో చుట్టలు చుట్టుకుని ఉన్న డీఎన్ఏ మీదే పనిచేస్తాయి.

ఆకారం సంగతి ఈ పదార్థం చరిత్రలో మొదటి నుంచీ ఉన్నదే. 1840లలో ఇటలీ రసాయన శాస్త్రవేత్త మికేలె పెయ్‌రోనే దీన్ని తయారుచేశాడు. చాలాకాలం దాన్ని పెయ్‌రోనే లవణమనే పిలిచారు. అవే పరమాణువులతో, అవే పాళ్లలో, వేరే గుణాలున్న రెండో పదార్థం కూడా ఉండటం అప్పటి రసాయన శాస్త్రానికి చిక్కుముడి అయింది. దాన్ని 1893లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ విప్పాడు. ప్లాటినం చుట్టూ ఉన్న నాలుగూ ఒకే తలంలో, చదరం నాలుగు మూలల్లో ఉంటాయన్నాడు. రెండు క్లోరిన్లు పక్కపక్క మూలల్లో ఉంటే అది సిస్, ఎదురెదురు మూలల్లో ఉంటే ట్రాన్స్. ఈ తరహా సమ్మేళనాల నిర్మాణాన్ని తేల్చినందుకు 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి దీనికి జీవశాస్త్రంతో ఏ సంబంధమూ లేదు. ఆ సంబంధం 1960లలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో అనుకోకుండా బయటపడింది. విద్యుత్ క్షేత్రం కణవిభజన మీద ఏమైనా ప్రభావం చూపుతుందా అని బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియాలోకి ప్లాటినం కడ్డీల ద్వారా విద్యుత్తు పంపాడు. బాక్టీరియా చావలేదు, విభజన మాత్రం మానేసింది. మామూలు పొడవుకు 300 రెట్ల దాకా దారాల్లా సాగిపోయింది. విద్యుత్తు కారణం కాదని తర్వాత తేలింది. దేనితోనూ కలవదని నమ్మిన ప్లాటినం కడ్డీల నుంచే కొంత లోహం కరిగి, ద్రావణంలోని అమ్మోనియం క్లోరైడ్‌తో కలిసి కొత్త సమ్మేళనాలు తయారయ్యాయి. 1965లో ఈ సంగతి నేచర్ పత్రికలో వచ్చింది. తర్వాత ఆ సమ్మేళనాలను విడివిడిగా పరీక్షిస్తే సిస్ రూపానిదే ఈ పని అని తెలిసింది. అదే పదార్థం ఎలుకల్లో క్యాన్సర్ కంతులను కరిగిస్తుందని 1969లో చూపించారు. 1978 చివర్లో అమెరికాలో దీన్ని మందుగా ఆమోదించారు.

ఆ బాక్టీరియా దారాలను నేను పెద్ద సాక్ష్యంగా చూస్తాను. మందు తగిలిన జీవి తింటోంది, పెరుగుతోంది, ప్రొటీన్లు తయారుచేసుకుంటోంది. విభజన ఒక్కటే ఆగింది. డీఎన్ఏలో ఏదో తేడా వచ్చిందని గమనించి, అది సరయ్యేదాకా విభజనను నిలిపివేసే ఏర్పాటు బాక్టీరియాలో ఉంది. అది పనిలోకి దిగింది కాబట్టే జీవి పొడవుగా సాగింది. అంటే ఈ మందు మొదటిసారి మనిషి కంటపడినప్పుడే రెండు విషయాలు కలిసి కనిపించాయి: మందు చేసిన మార్పు ఒకటి, ఆ మార్పుకు కణం ఇచ్చిన జవాబు ఇంకొకటి. తర్వాతి అరవై ఏళ్ల పరిశోధన ఈ రెంటినీ వేరుచేసి చూడటానికే ఎక్కువగా ఖర్చయింది.

నరంలోకి ఎక్కిన మందు నేరుగా డీఎన్ఏను పట్టుకోలేదు. దాని రెండు క్లోరిన్లు ఊడిపోతేనే ప్లాటినానికి పట్టుకునే చేతులు వస్తాయి. రక్తంలో క్లోరైడ్ దండిగా ఉంటుంది, లీటరుకు సుమారు 100 మిల్లీమోల్‌లు. అంత క్లోరైడ్ చుట్టూ ఉన్నంతసేపూ మందులోని క్లోరిన్లు చాలావరకు అలాగే నిలిచి ఉంటాయి. కణం లోపల క్లోరైడ్ చాలా తక్కువ. అక్కడికి చేరాక ఒక క్లోరిన్ ఊడి, ఆ చోట నీటి అణువు వచ్చి కూర్చుంటుంది. నీటి పట్టు బలహీనం కాబట్టి దాన్ని తోసేసి వేరే పరమాణువు వచ్చి చేరడం తేలిక. మందు అప్పుడే నిజంగా చురుకవుతుంది. ఆసుపత్రిలో సిస్‌ప్లాటిన్‌ను ఉప్పునీటి సెలైన్‌లో కలిపి ఎక్కించడానికి కారణం ఇదే: సీసాలో ఉండగానే మందు విడిపోకుండా ఆ క్లోరైడ్ కాపాడుతుంది. దీని తమ్ముడి వంటి ఆక్సాలిప్లాటిన్‌కు సరిగ్గా తలకిందుల నియమం. దానిలో క్లోరిన్లకు బదులు ఆక్సలేట్ ఉంటుంది, క్లోరైడ్ తగిలితే అది ఊడిపోతుంది. అందుకే దాన్ని గ్లూకోజ్ ద్రావణంలోనే కలపాలి, సెలైన్‌లో కలపకూడదు. పక్కపక్క మంచాల మీద వేలాడే రెండు సీసాల్లో వేర్వేరు ద్రావణాలు ఉండటం వెనుక ఇంత రసాయన శాస్త్రం ఉంది.

ఇక డీఎన్ఏ దగ్గరికి వద్దాం. రెండు పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని పురి తిరిగి ఉంటాయి. వాటి మధ్య ఎడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు రకాల బల్లపరుపు అణువులు జతలు జతలుగా, అప్పడాల దొంతరలా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. రెండు అప్పడాల మధ్య దూరం 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్ల వంతు. పురి తిరగడం వల్ల బయటి వైపు రెండు గాళ్లు ఏర్పడతాయి, ఒకటి వెడల్పుది, ఒకటి ఇరుకుది. ప్లాటినం పట్టుకునేది వెడల్పు గాడి వైపుకు తొంగిచూసే ఒక నత్రజని పరమాణువును. అది గ్వానిన్‌లో ఏడో స్థానంలో ఉంటుంది. ఎదుటి పోగుతో జతకట్టే పనిలో ఆ నత్రజనికి పాత్ర లేదు, కాబట్టి దాని ఎలక్ట్రాన్ల జంట ఖాళీగా, అందుబాటులో ఉంటుంది. ఎడినిన్‌లోనూ అలాంటి నత్రజని ఉంది గానీ గ్వానిన్‌ది ఎక్కువ చురుకు. పైగా గ్వానిన్‌లో ఆ పక్కనే ఉన్న ఆక్సిజన్ పరమాణువుకు ప్లాటినం మీది అమ్మోనియాతో హైడ్రోజన్ బంధం కుదురుతుంది. అమ్మోనియాలు ఊరికే అలంకారానికి లేవన్నమాట.

ప్లాటినం మొదట ఒక గ్వానిన్‌ను పట్టుకుంటుంది. రెండో క్లోరిన్ కూడా ఊడాక, పక్కనే ఇంకో గ్వానిన్ ఉంటే దాన్నీ పట్టుకుంటుంది. సిస్‌ప్లాటిన్ డీఎన్ఏలో ఏర్పరచే బంధాల్లో సుమారు 65 శాతం ఇలా ఒకే పోగు మీద పక్కపక్కనున్న రెండు గ్వానిన్ల మధ్యే ఉంటాయి. ఇంకో 25 శాతం పక్కపక్కనున్న ఎడినిన్, గ్వానిన్ల మధ్య. రెండు పోగులనూ కలిపి కట్టేసేవి చాలా కొద్ది. సిస్‌కూ ట్రాన్స్‌కూ తేడా ఇక్కడే బయటపడుతుంది. సిస్‌ప్లాటిన్‌లో రెండు చేతులూ పక్కపక్క మూలల్లో ఉండటం వల్ల వాటి మధ్య దూరం పక్కపక్క అణువులను అందుకునేంతే ఉంటుంది. ట్రాన్స్‌లో చేతులు ఎదురెదురు దిక్కులకు చాచి ఉంటాయి. పక్కపక్కనున్న రెండు గ్వానిన్లను అది పట్టుకోలేదు. నడుమ ఒక అణువును వదిలి ఆ తర్వాతి దాన్నో, ఎదుటి పోగు మీది దాన్నో పట్టుకోవాల్సివస్తుంది. ఒకే లోహం, ఒకే బరువు, డీఎన్ఏ మీద దాదాపు ఒకే మోజు. అయినా ఒకటి ప్రాణాలు నిలిపే మందు, ఇంకొకటి పాఠ్యపుస్తకంలో ఉదాహరణ. ఆకారమే అసలు సంగతి అనడానికి ఇంతకన్నా శుభ్రమైన పోలిక ప్రయోగశాలలో దొరకడం కష్టం.

పక్కపక్కనున్న రెండింటినీ పట్టుకున్నాక ఏం జరుగుతుందో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీఫెన్ లిప్పర్డ్ బృందం దశలు దశలుగా చూపించింది. 1985లో వాళ్లు రెండే రెండు గ్వానిన్లున్న చిన్న ముక్కకు ప్లాటినం తగిలించి, స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేలతో దాని నిర్మాణం రాబట్టారు. ఆ ముక్కలో రెండు గ్వానిన్ల తలాలు ఒకదానికొకటి దాదాపు లంబంగా, 80 డిగ్రీల చుట్టుపక్కల తిరిగి ఉన్నాయి. ప్లాటినానికి హాయిగా ఉండే అమరిక అదే. కానీ నిజమైన డీఎన్ఏలో ఎదుటి పోగు ఊరుకోదు. అప్పడాలన్నీ సమాంతరంగా ఉండాలని అది లాగుతుంది. ఈ పెనుగులాటలో చివరికి ఏం తేలిందో 1995లో 12 జతల జంటపోగు డీఎన్ఏ నిర్మాణం బయటపెట్టింది. రెండు గ్వానిన్ల మధ్య కోణం సుమారు 26 డిగ్రీలకు తగ్గింది. అంటే ప్లాటినం చాలా సర్దుకుంది. గ్వానిన్ల తలంలో ఉండాల్సిన ఆ లోహం దాదాపు ఒక ఆంగ్‌స్ట్రామ్ మేర పక్కకు జరిగి, ఇబ్బందిగా వేలాడుతోంది. డీఎన్ఏ కూడా సర్దుకుంది. దొంతర ఒక పక్కకు తెరుచుకుంది, పురి కొంచెం సడలింది, మొత్తం అణువు వెడల్పు గాడి వైపుకు వంగింది, వెనుక వైపు ఇరుకు గాడి విప్పారి, లోతు తగ్గి చదునైంది. తెగింది ఏదీ లేదు. గ్వానిన్‌కు ఎదుట సైటోసిన్ ఉండనే ఉంది, జతలు చాలావరకు నిలిచే ఉన్నాయి. డీఎన్ఏలోని అక్షరం ఒక్కటీ మారలేదు. ఆ అక్షరాలున్న చోట పోగు వంగిందంతే.

ఈ వంపును గుర్తుపట్టేవాళ్లు కణంలో చాలామందే ఉన్నారు. వంగిన డీఎన్ఏ అంటే ఇష్టపడే హెచ్ఎంజీ తరగతి ప్రొటీన్లు సిస్‌ప్లాటిన్ తగిలిన చోట వచ్చి అతుక్కుంటాయనీ, ట్రాన్స్‌ప్లాటిన్ తగిలిన చోటికి రావనీ 1990ల తొలి ఏళ్లలోనే తెలిసింది. 1999లో ఆ ప్రొటీన్ ముక్క, ప్లాటినం ఉన్న డీఎన్ఏ కలిసిన స్ఫటికాన్ని చూస్తే కారణం కళ్లకు కట్టింది. రెండు గ్వానిన్ల మధ్య దొంతర తెరుచుకున్న చీలికలోకి, ఇరుకు గాడి వైపు నుంచి, ప్రొటీన్‌లోని 37వ స్థానంలో ఉన్న ఫినైల్‌అలనైన్ తన చదునైన వలయాన్ని చొప్పించింది. ప్లాటినం మరో పక్కన, వెడల్పు గాడిలో ఉంది. ప్రొటీన్ గుర్తించింది ప్లాటినం తెరిచిన సందును. జన్యువులను చదివి ఆర్ఎన్ఏ తయారుచేసే ఎంజైము సంగతీ ఇలాంటిదే. 2007లో జర్మనీలో పాట్రిక్ క్రామర్ బృందం చూపించినదాని ప్రకారం, ప్లాటినంతో కలిసి బిగిసిన రెండు గ్వానిన్లు ఆ ఎంజైము లోపలి గదిలోకి మామూలుగా జరగలేక అడ్డం పడతాయి, చదవడం అక్కడితో ఆగిపోతుంది. డీఎన్ఏను చదువుతూ పోవాలంటే అణువులు ఒక్కొక్కటిగా విడివిడిగా కదలాలి. కట్టేసిన రెంటికి ఆ వెసులుబాటు ఉండదు.

నన్ను ఎక్కువగా ఒప్పించిన సాక్ష్యం మాత్రం మరమ్మతు వ్యవస్థ దగ్గరుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మన చర్మకణాల డీఎన్ఏలో పక్కపక్కనున్న రెండు థైమిన్లను ఒకదానికొకటి అతికించేస్తాయి. జీవం పుట్టిన నాటి నుంచీ ఉన్న ఈ బెడదకు కణాలు ఒక విరుగుడు తయారుచేసుకున్నాయి. తేడా వచ్చిన పోగు నుంచి సుమారు ముప్ఫై అక్షరాల ముక్కను కత్తిరించి పారేసి, ఎదుటి పోగును చూసి కొత్తగా నింపుకుంటాయి. పుట్టుకతో ఈ ఏర్పాటు లోపించిన పిల్లలకు ఎండ తగిలితే చర్మ క్యాన్సర్లు వస్తాయి. ఆ జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. సిస్‌ప్లాటిన్ పెట్టిన బంధాన్ని కత్తిరించేది కూడా సరిగ్గా ఇదే వ్యవస్థ. పరిణామ క్రమంలో కణాలకు ప్లాటినంతో పరిచయమే లేదు. ఆ లోహాన్ని పసిగట్టే ప్రొటీన్ కణంలో ప్రత్యేకంగా పుట్టే అవకాశమూ లేదు. ఎండ చేసిన గాయానికీ ప్లాటినం చేసినదానికీ రసాయనపరంగా పోలిక లేదు. ఆకారంలో ఉంది: ఒకే పోగు మీద పక్కపక్కనున్న రెండు అణువులు అతుక్కుపోవడం, పురి సడలడం, పోగు వంగడం. మరమ్మతు ప్రొటీన్లు చూసేది దాన్నే. కాబట్టి ఒకే వంపు కణానికి ప్రమాద సూచనా అవుతుంది, బాగుచేసుకోవాల్సిన చోటికి గుర్తూ అవుతుంది. ఈ రెంటిలో ఏది ముందు జరుగుతుందన్న దాని మీదే ఆ కణం బతుకు ఆధారపడి ఉంటుంది.

దీని మీద అభ్యంతరాలున్నాయి, కొన్ని బరువైనవే. స్ఫటికంలో బిగించిన పన్నెండు జతల ముక్కకూ, కణంలో హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని నిరంతరం కదిలే డీఎన్ఏకూ పోలికేమిటని అడగవచ్చు. వంపు కొలతలే పొంతన లేకుండా ఉన్నాయని ఎత్తిచూపవచ్చు. జెల్ పద్ధతిలో కొలిస్తే 33 డిగ్రీల దగ్గర, స్ఫటికంలో పక్కపక్కనున్న రెండు అణువుల్లోనే ఒకదానిలో 39, ఇంకొకదానిలో 55, ద్రావణంలో ఎన్ఎంఆర్ పద్ధతిలో 78, ప్రొటీన్ పట్టుకున్నప్పుడు 61. అంకెలు ఇంత తేడాగా ఉండటం నిజమే. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు. ప్లాటినం ఉన్న చోట డీఎన్ఏ ఒక కోణంలో గడ్డకట్టి ఉండదు, అక్కడ అది తేలిగ్గా వంగే కీలులా మారింది. కొలిచే పద్ధతిని బట్టి, చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి కోణం మారుతుంది. మారనిది దిశ. ఏ పద్ధతిలో చూసినా వంపు వెడల్పు గాడి వైపే ఉంది, ఇరుకు గాడి విప్పారింది, గ్వానిన్ల మధ్య దొంతర తెరుచుకుంది. ప్రొటీన్లకు కావలసింది ఈ మూడే.

హెచ్ఎంజీ ప్రొటీన్ల మీద వచ్చిన అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. ఆ ప్రొటీన్లు ప్లాటినం ఉన్న చోట కూర్చుని, మరమ్మతు వ్యవస్థ కంటపడకుండా కప్పేస్తాయనీ, అందుకే కణం చస్తుందనీ కొంతకాలం చాలామంది నమ్మారు. వినడానికి అందంగా ఉన్న ఊహ. కానీ వాటిలో ముఖ్యమైన హెచ్ఎంజీబీ1 లేకుండా చేసిన ఎలుక కణాలు కూడా సిస్‌ప్లాటిన్‌కు దాదాపు మామూలు కణాల్లాగే లొంగాయి. స్ఫటికంలో చక్కగా కనిపించినదల్లా రోగి శరీరంలో మందు పనికి కారణమని అనేసుకోకూడదు. వంపును పట్టుకునే ప్రొటీన్లు చాలా ఉన్నాయి, ఒకటి లేకపోయినా మిగతావి ఉంటాయి. ఆ ఒక్కదాని మీద కట్టిన కథ కూలినంత మాత్రాన వంపు ప్రాధాన్యం తగ్గదు. అయితే ఒకే ప్రొటీన్‌ను కథానాయకుడిని చేసి రాసిన వివరణలను మాత్రం పక్కన పెట్టాల్సిందే.

మామూలు మనిషి వేసే ప్రశ్న ఇంకొకటుంది, అదే అన్నిటికన్నా ముఖ్యం. గ్వానిన్లు ఆరోగ్యమైన కణాల్లోనూ ఉన్నాయి కదా, మరి ఈ మందు క్యాన్సర్ కణాన్నే ఎలా ఎంచుకుంటుంది? నిజానికి డీఎన్ఏకు అంటుకునే దశలో అది పెద్దగా ఎంచుకోదు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో, డీఎన్ఏ మరమ్మతు పరిశోధనకు 2015లో నోబెల్ అందుకున్న అజీజ్ సంజార్ బృందం 2016లో మానవ జీనోమ్ మొత్తం మీద సిస్‌ప్లాటిన్ ఎక్కడెక్కడ అంటుకుందో ఒక్కో అక్షరం దాకా గుర్తించి పటం గీసింది. పక్కపక్క గ్వానిన్లు ఉన్న చోటల్లా అది దాదాపు సమానంగా పరుచుకుని ఉంది. మరమ్మతు మాత్రం అలా లేదు. చురుగ్గా చదవబడుతున్న జన్యువుల్లో వేగంగా, ఇతర చోట్ల నెమ్మదిగా జరుగుతోంది. ఇదే తేడా కణానికీ కణానికీ మధ్య కూడా ఉంటుంది. వృషణాల క్యాన్సర్ కణాల్లో మరమ్మతుకు అవసరమైన ఎక్స్‌పీఏ వంటి ప్రొటీన్లు తక్కువ. వంపును సరిచేసుకోలేవు. పైగా డీఎన్ఏ దెబ్బతింటే ఆత్మహత్య చేసుకునే ఏర్పాటు వాటిలో చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. 1974లో ఇండియానా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్‌ను మరో రెండు మందులతో కలిపి ఇచ్చే పద్ధతి మొదలుపెట్టేనాటికి, శరీరంలో పాకిన వృషణ క్యాన్సర్‌తో బతికి బట్టకట్టేవాళ్లు పదిమందిలో ఒకరు. ఇప్పుడు పదిమందిలో ఎనిమిది మంది దాకా నయమవుతున్నారు. బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపమున్న అండాశయ క్యాన్సర్లు ప్లాటినానికి ఎక్కువగా లొంగడానికి కారణమూ ఈ దారిలోనే ఉంది: రెండు పోగులనూ కట్టేసిన బంధాలను విప్పుకునే శక్తి ఆ కణాల్లో కుంటుపడి ఉంటుంది. మందు అందరికీ ఒకే వంపు పెడుతుంది. దాన్ని సరిచేసుకోగలిగిన కణం బతుకుతుంది.

ఇంత చెప్పాక కూడా ఆక్సాలిప్లాటిన్ దగ్గర వాదన కాస్త తగ్గాల్సివస్తుంది. 1970లలో జపాన్‌లో నగోయాలో యోషినోరి కిడానీ రూపొందించిన ఈ మందు పెద్దపేగు క్యాన్సర్‌కు పనిచేస్తుంది, సిస్‌ప్లాటిన్ అక్కడ పెద్దగా పనిచేయదు. డీఎన్ఏలో రెండూ పట్టుకునేది అవే గ్వానిన్లను, పెట్టే వంపూ దగ్గర దగ్గరగా ఉంటుంది. తేడా అమ్మోనియాల చోట ఉన్న ఆరు కర్బనాల వలయం. అది వెడల్పు గాడిలో ఉబ్బెత్తుగా నిలబడుతుంది, అక్షరాలు తప్పుగా జతపడ్డాయేమో చూసే మరమ్మతు ప్రొటీన్లు సిస్‌ప్లాటిన్ బంధాన్ని గుర్తించినంతగా దీన్ని గుర్తించవు. ఇక్కడిదాకా ఆకారం వాదనకు బలమే. కానీ 2017లో లిప్పర్డ్ కూడా భాగస్వామిగా ఉన్న ఒక అధ్యయనం, ఆక్సాలిప్లాటిన్ కణాన్ని చంపే దారి డీఎన్ఏ గాయం కాదనీ, ప్రొటీన్ల తయారీ కేంద్రాలైన రైబోసోముల ఉత్పత్తిని దెబ్బతీయడమనీ చూపించింది. ఒకే చేత్తో డీఎన్ఏను పట్టుకుని, పెద్ద వంపేమీ పెట్టకుండానే కణాలను చంపే ఫినాంత్రిప్లాటిన్ వంటివీ ప్రయోగశాలలో ఉన్నాయి. కాబట్టి ప్లాటినం మందులన్నిటికీ వంపే కారణమని నేను అనను. సిస్‌ప్లాటిన్ విషయంలోనూ, డీఎన్ఏ మీద దానిలాంటి బంధాన్నే నెమ్మదిగా ఏర్పరచే కార్బోప్లాటిన్ విషయంలోనూ ఆ వాదన నిలుస్తుంది. మిగతావాటికి వేరే లెక్క కట్టాలి.

శరీరంలోకి వెళ్లిన ప్లాటినంలో డీఎన్ఏ దాకా చేరేది చాలా కొద్ది భాగమని కూడా మరిచిపోకూడదు. గంధకమున్న ప్రొటీన్లంటే ఆ లోహానికి గ్వానిన్ కన్నా తక్కువ మోజేమీ లేదు. మూత్రపిండాలు దాన్ని వడగడుతూ తామే దెబ్బతింటాయి, అందుకే మందుకు ముందూ తర్వాతా అన్ని సీసాల ద్రవం ఎక్కిస్తారు. లోపలి చెవిలో చేరిన ప్లాటినం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. వినికిడికి ఆధారమైన అక్కడి కణాలు విభజన చెందేవి కావు, ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. పిల్లల్లో ఈ నష్టాన్ని తగ్గించడానికి సోడియం థయోసల్ఫేట్‌ను 2022లో అమెరికాలో ఆమోదించారు. ప్లాటినానికి గంధకం మీదున్న మోజునే ఇక్కడ రోగికి మేలుగా మలిచారు.

మన దగ్గర పొగాకు వల్ల వచ్చే నోటి, గొంతు క్యాన్సర్లకూ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ రేడియేషన్‌తో పాటు ఇచ్చే మందు ఎక్కువగా సిస్‌ప్లాటినే. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, పేటెంటు బెడద లేదు. ఈ మందు ఎక్కించుకుంటున్నవాళ్లు చెవుల్లో హోరు మొదలైనా, మూత్రం తగ్గినా తర్వాతి విడత దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. మోతాదు మార్చడానికీ, కార్బోప్లాటిన్‌కు మారడానికీ అవకాశం ఉంటుంది. యువకులకు ఇంకో మాట. వృషణంలో నొప్పిలేని గడ్డ తగిలితే సిగ్గుపడి దాచుకోవద్దు. ఇతర అవయవాలకు పాకాక కూడా మందులతో పూర్తిగా నయమయ్యే కంతి క్యాన్సర్లు చాలా తక్కువ, వృషణ క్యాన్సర్ వాటిలో ఒకటి. వెంటనే పరీక్ష చేయించుకోండి.